క్లారీ అడిగిన లీవర్ తుపాకీ

క్లారీ పెంగెలీ తన దరఖాస్తును నా వంటింటి బల్ల మీద పరిచాడు. "మామూలు ఉత్తరమే నోలా. పోయినసారి రాసిచ్చావే, అదే. తేదీ మార్చి సంతకం పెట్టు చాలు" అన్నాడు.

చాలు అన్న మాట వింటేనే నాకు అనుమానం మొదలవుతుంది. కాగితం పైనుంచి కిందిదాకా చదవనిదే నేను సంతకం పెట్టను. "మా ఆవిడ గుడ్డు పగలగొట్టే ముందు కోడిని విచారిస్తుంది" అని మా ఆయన ఊరంతా చెప్పి నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు గానీ, నలభై ఏళ్ళ సేద్యంలో నన్ను మోసం చేసినవాడు ఒక్కడూ లేడు.

మా రాష్ట్రంలో ఒక్కో తుపాకీకి ఒక్కో లైసెన్సు. ఏ తూటా, ఏ రకం, ఎందుకు కావాలి, అన్నీ రాయాలి. సొంత పొలం లేనివాడైతే, ఇతను మా పొలంలో నక్కలు కొడతాడు, అందుకు ఈ తుపాకీ అవసరమే అని పొలం ఉన్నవాళ్ళ దగ్గర ఉత్తరం తెచ్చుకోవాలి. క్లారీ ఆరేళ్ళ కిందట పొలం అమ్మేసి ఊళ్ళోకి మారాడు. స్కూలు బస్సు నడుపుతున్నాడు. గొర్రెలు ఈనే రోజుల్లో మా గొర్రెపిల్లల్ని నక్కలు ఎత్తుకుపోకుండా కాసేది అతనే. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే బడి, ఒకే బెంచీ.

రకం అన్న గడిలో లీవర్ అని రాసి ఉంది.

"ఇదేంటి? నీది బోల్టు తుపాకీ కదా" అన్నాను.

"అది అమ్మేస్తున్నా."

"మీ నాన్న ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా చంకలో పెట్టుకు తిరిగావు."

"మా నాన్న ఇచ్చిన కోటు చిరిగిపోలేదా? నక్కకి రెండో దెబ్బ వెంటనే వెయ్యాలంటే లీవరే మేలు. బోల్టు లాగేలోపు అది కంచె దాటి పోతోంది."

"క్లారీకి రెండో తూటాతో పనే లేదు అని బారులో డప్పు కొట్టుకునేది నువ్వే కదా?"

నవ్వాడు. టీ కప్పు కోసం చెయ్యి చాపాడు.

నాకు ఎందుకు అనుమానం వచ్చిందో చెప్పాలి. నా కూతురు జోడీ, ఏడేళ్ళ మనవరాలు మార్నీ పోయిన ఏడాది నుంచి నా దగ్గరే ఉంటున్నారు. జోడీ మొగుడు డారిల్ ఈ క్లారీకి స్వయానా అక్క కొడుకు. పెళ్ళాం మీద చెయ్యి చేసుకునే రకం. చివరి రోజుల్లో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ జోడీతో మాట్లాడేవాడట. ఎవరో పోలీసులకి చెప్పారు. వాళ్ళొచ్చి తుపాకులన్నీ పట్టుకెళ్ళారు. కోర్టు వాడి లైసెన్సు తీసేసి, జోడీ ఛాయలకు రావద్దంది. ఇప్పుడు గనుల్లో పని చేస్తూ కల్గూర్లీ వైపు ఉన్నాడు. నాలుగు గంటలు కారు నడిపితే మా గేటు ముందుంటాడు.

డారిల్‌ది ఎడమచేతి వాటం. బోల్టు పిడి తుపాకీకి కుడిపక్కన ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ దాన్ని వెనక్కి లాగి ముందుకి తోస్తే గానీ ఇంకో తూటా ఎక్కదు. కుడిచేతి వాడికి అది సుఖం. ఎడమ భుజానికి ఆనించుకునేవాడు తుపాకీ మీంచి చెయ్యి అటు వేసి తిప్పలు పడాలి. లీవరుకి ఆ బాధ లేదు. పిడి కింద, ట్రిగ్గరు దగ్గరే ఉంటుంది. ఏ చెయ్యైనా ఒకటే. డారిల్ దగ్గర పోలీసులు పట్టుకెళ్ళినవాటిలో వాడికి ప్రాణమైంది లీవర్ తుపాకీయే. ఈ దరఖాస్తులో ఉన్నదీ అదే తూటా.

క్లారీది కుడిచేతి వాటమని ఈ ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు.

"డారిల్ కబుర్లేమైనా తెలుస్తున్నాయా?" అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

అతని చెయ్యి కప్పుకి తగిలి టీ అంతా బల్ల మీద ఒలికిపోయింది. దరఖాస్తు తడిసింది. ఒక్కసారిగా లేచి గుడ్డ కోసం వెతుక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అని నా మనసులో అనుకున్నాను.

"వాడి ఊసు నాకెందుకు?" అన్నాడు తుడుస్తూ.

"కాగితం తడిసిపోయింది. ఇంకోటి తీసుకురా. అప్పుడు చూద్దాం" అని పంపించేశాను.

ఆ రోజు నుంచి నాకు అదే ఆలోచన. మేనమామ ప్రేమ ఎలాంటిదో నాకు తెలుసు. డారిల్‌కి తండ్రి లేడు. చేపలు పట్టడం, గొర్రె బొచ్చు కత్తిరించడం, తుపాకీ పేల్చడం, అన్నీ నేర్పింది క్లారీయే. వాడు ఏడ్చి అడిగితే కాదనగలడా? తన పేరున కొని, కారు డిక్కీలో పెట్టి, ఏదో ఒక ఆదివారం దింపేసి రాలేడా?

మూడో రోజు సాయంత్రం బస్సు మా గేటు దగ్గర ఆగింది. మార్నీ దిగింది. నేను బీట్‌రూట్ పచ్చడి సీసా పట్టుకుని బస్సు ఎక్కాను.

"కొత్త కాగితం ఉంది, ఇస్తా ఉండు" అన్నాడు క్లారీ.

"ఇద్దువులే. ఇంతకీ ఆ లీవర్ దేనికో నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఉత్తరంలో నేను కూడా కారణం రాయాలిగా?"

"మణికట్టు పట్టేస్తోంది నోలా. బోల్టు లాగితే ప్రాణం పోతోంది."

"అయ్యో పాపం. అవునుగానీ ఈ మూత చూడు, నా వల్ల కావట్లేదు."

కుడిచేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. మూత టక్కున వచ్చేసింది. పదిహేను మంది పిల్లలు చూస్తున్నారు.

"మణికట్టు బాగానే ఉందే" అన్నాను.

"అదేంటంటే... పొద్దున్నపూట పట్టేస్తుంది."

"మొన్న రెండో దెబ్బ కోసం అన్నావు."

"అదీ ఉంది. పైగా బరువు తక్కువ. ఏంటి నోలా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఉత్తరం ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తా. ఆలోచించి ఇస్తా."

మూడు రోజుల్లో మూడు కారణాలు. నిజం చెప్పేవాడికి ఒక్క కారణం సరిపోతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర జోడీకి చెప్పేశాను. చెప్పకూడదనే అనుకున్నా, కడుపులో దాచుకోలేకపోయాను. అది విని గొర్రె కూర పళ్ళెం పక్కకి తోసేసింది.

"రాయకు అమ్మా."

"నేను రాయకపోతే ఇంకో పొలం వాళ్ళు రాస్తారే. అతన్ని కాదనేవాళ్ళెవరు ఈ ఊళ్ళో?"

"క్లారీ మావయ్య అలాంటివాడు కాదు. డారిల్ వైపువాడై ఉండీ నా పెళ్ళిలో నా కోసం ఏడ్చింది ఆయనొక్కడే." మళ్ళీ, "అయినా రాయకు" అంది.

మర్నాడు పొద్దున చూస్తే తన కారు ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టుకుని ఉంది, పారిపోవాల్సి వస్తే వెనక్కి తిప్పే పని లేకుండా. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది పట్టింది ఈ పిల్ల మళ్ళీ నిద్రపోవడానికి. ఒక కాగితం మీద ఒక్క మాటతో దాని నిద్ర చెడగొట్టాడు.

పోలీస్ స్టేషనుకి ఫోను చేశాను. సార్జెంట్ విటీ నిదానస్తుడు.

"లీవర్ తుపాకీ అడగడం నేరం కాదు కదమ్మా. ఆయన మీద ఒక్క మచ్చ లేదు. మీ దగ్గర అనుమానం కాకుండా ఇంకేమైనా ఉందా?"

"ఉంటే మీకు ఫోను చేసి అడుగుతానా? చెప్పేదాన్ని."

"ఏదైనా కంటితో చూస్తే చెప్పండి" అన్నాడు.

సరే, కంటితోనే చూస్తాను అనుకున్నాను. క్లారీకి కబురు పెట్టాను. శనివారం తెల్లారేసరికి నీ పాత తుపాకీ తీసుకుని రా, చెరువు పక్క పచ్చిక బయల్లో నక్క రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది, దాన్ని కొట్టిపెట్టు, అక్కడే నీ ఉత్తరం రాసిచ్చేస్తా అని. బోల్టు లాగడం అతనికి నిజంగా కష్టమో కాదో నా ముందే తేలాలి. సాఫీగా లాగాడంటే ఆ లీవర్ ఇంకొకడి కోసమే. అక్కణ్ణుంచే విటీకి ఫోను చేస్తాను.

జూలై మాకు చలికాలం, శనివారం గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. క్లారీ కారు దిగి, తుపాకీ తీసి, నాతో నడిచాడు. కంచె మూల మీద ఉన్న పడిపోయిన యూకలిప్టస్ మాను వెనక కూర్చున్నాం. అతను జేబులోంచి నక్క ఈల తీశాడు. జాము డబ్బా మూతను మడిచి చిల్లు పొడిచి చేసుకున్నదే. పెదాల మధ్య పెట్టి ఊదితే దెబ్బ తగిలిన కుందేలు ఏడ్చినట్టు ఉంటుంది. ఊదాడు. గొర్రెలు తలలెత్తాయి. నేను అతని వెనక, అతని చేతులు కనిపించేలా కూర్చున్నాను.

పది నిమిషాలకి నక్క వచ్చింది. కుడివైపు నుంచి, చెరువు గట్టు మీదుగా, పట్టపగలు తన సొంత పొలంలో నడిచినట్టు నడుస్తోంది. నేను చూశాను. క్లారీ చూడలేదు. ఎదురుగానే చూస్తూ ఊదుతున్నాడు.

"కుడివైపు" అన్నాను మెల్లగా.

తల మొత్తం తిప్పాడు, భుజం దాకా. అప్పుడు కనిపించింది. తుపాకీ ఎత్తాడు. ఎత్తి ఎడమ భుజానికి ఆనించుకున్నాడు.

 యాభై ఏళ్ళుగా ఈ మనిషి కుడి భుజం మీంచి పేల్చడం చూస్తున్నాను. పేల్చాడు. నక్కకి ముందు మట్టి లేచింది. రెండో తూటా కోసం ఎడమచెయ్యి తుపాకీ మీంచి అటు వేసి బోల్టు పిడి వెతుక్కున్నాడు. అందలేదు. తుపాకీ భుజం మీంచి జారింది, గొట్టం గొర్రెల వైపు తిరిగింది. "తుపాకీ దించు క్లారీ" అన్నాను. దించాడు. నక్క వెళ్ళిపోయింది.

బోల్టు వెనక్కి లాగి, తూటాలు తీసి, తుపాకీ మాను మీద పెట్టాడు. నేను లేచి అతని కుడిపక్కకి వెళ్ళాను. నా టోపీ తీసి అతని చెంపకి జానెడు దూరంలో ఊపాను. రెప్ప కూడా వెయ్యలేదు.

"ఎక్కడున్నావు నోలా?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నా. ఆ కంటికి ఏమైంది?"

 చేతులు చూసుకుంటూ చెప్పాడు. "క్రిస్మస్ అయిన వారానికి. పొద్దున లేచేసరికి ఒక పక్క మొత్తం బూడిద. పెర్త్ వెళ్ళి చూపించుకున్నా. లోపల రక్తనాళం పూడుకుపోయిందట. ఇక రాదన్నారు. ఎడమ భుజం మీంచి పేల్చడం నేర్చుకుంటున్నా. బోల్టుతో కావట్లేదు, చూశావుగా."

"ఎడమచేతి బోల్టు దొరుకుతుంది కదా?"

"అది అడిగితే కొట్టువాడే అడుగుతాడు, ఏంటి క్లారీ, చెయ్యి మారిందేంటి అని. లీవరైతే ఎవడూ ఏమీ అడగడనుకున్నా. నువ్వు ఉన్నావని మర్చిపోయా."

నాకు ముందు వచ్చింది నవ్వే. డారిల్ కాదు. తుపాకీ డారిల్‌కి కాదు. మాను మీద కూర్చున్నాను. జోడీ ఈ రాత్రి నిద్రపోతుంది అనుకున్నాను. ఆ మాట అనుకున్న వెంటనే ఇంకోటి తోచింది. క్రిస్మస్ నుంచి అంటే ఏడు నెలలు. ఏడు నెలలుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మార్నీ ఎక్కే బస్సు నడుపుతున్నది ఈ మనిషే.

"బస్సు వాళ్ళకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు.

"క్లారీ, ఆ బస్సులో నా మనవరాలు ఉంది."

"రెండో కన్ను నిక్షేపంలా ఉంది నోలా. ఏడు నెలల్లో ఒక్క పిల్లకి గీత పడలేదు. మెల్లగా పోతా. తల తిప్పి చూసుకుంటా."

"నా గేటు స్తంభం విరిగింది మే నెలలో. కంగారూ గుద్దిందన్నావు."

తీసిన తూటాలు జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు నక్క ముప్పై గజాల్లో నీ కుడిపక్క నడిచింది. నేను చెప్తే గానీ చూడలేదు. అది నక్క కాకుండా రోడ్డు దాటే పిల్లైతే?"

"జెనీవ్ పోయాక" అని చనిపోయిన భార్య పేరెత్తి ఆపేశాడు. మళ్ళీ అన్నాడు. "ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు నోలా. పొద్దున్నే ఆ పదిహేను మంది మెట్లెక్కుతూ ఒక్కొక్కళ్ళు గుడ్ మార్నింగ్ క్లారీ అంటారు. అది పోతే నాకు రోజు ఎందుకు మొదలవ్వాలో తెలీదు."

నాకు జాలి వేసింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నా నోరు నా మాట వినదు. "నేను ఈ తుపాకీ డారిల్ కోసం అనుకున్నా. వారం నుంచి నిన్ను హంతకుడికి సాయం చేసేవాడిలా చూస్తున్నా" అనేశాను.

అతను తల మొత్తం నా వైపు తిప్పాడు, మంచి కన్ను నా మీద పడేలా.

"డారిల్ కోసమా?"

"వాడిది ఎడమచెయ్యి. వాడిది లీవరు. నువ్వు మేనమామవి."

"ఆ రోజు పోలీసులకి ఫోను చేసింది ఎవరనుకున్నావు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మా అక్క ఇవాళ్టికీ నాతో మాట్లాడదు. వాడు నా చేతుల మీద పెరిగాడు. ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అందుకని చేశా. నా రక్తం మీద నేనే చెప్పా. నువ్వు నన్ను..."

 నాకు సిగ్గు వేసింది. భూమి చీలితే దూరిపోదును. ఏడాదిగా మా ఇంట్లో అందరం ఆ ఫోను చేసిన చేతికి దణ్ణం పెట్టుకుంటున్నాం. ఆ చెయ్యి నా బల్ల మీద టీ ఒలికించింది, నేను దాన్ని దొంగ చెయ్యి అన్నాను.

ఇంటికి వచ్చాం. జోడీ, మార్నీ సామాన్లకని ఊళ్ళోకి వెళ్ళారు. నేను టీ పెట్టి, కప్పు అతని ఎడమచేతి పక్కన పెట్టాను. కాగితం తీసుకుని ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. సిగ్గుపడ్డదాన్ని కదా, మామూలు ఉత్తరం రాసిచ్చేస్తే బాగుండుననే అనిపించింది. నక్కలు, నా పొలం, అభ్యంతరం లేదు, సంతకం. అతను ఆ సంతకం కోసమే కూర్చున్నాడు. చెయ్యి రెండుసార్లు అటే పోయింది. కానీ సోమవారం ఎనిమిదింటికి మార్నీ గేటు దగ్గర నిలబడుతుంది.

రాసి అతని ముందుకి తోశాను. పైకి చదివాడు.

"క్లారెన్స్ పెంగెలీ ముప్పై ఏళ్ళుగా మా పొలంలో నక్కలు కొడుతున్నాడు. జనవరి నుంచి అతనికి కుడికన్ను కనిపించదు. అందువల్ల ఎడమ భుజం మీంచి పేలుస్తున్నాడు. బోల్టు తుపాకీ అలా వాడటం ప్రమాదం, నేను కళ్ళారా చూశాను. లీవర్ రకం అతనికి తప్పనిసరి. అతనికంటే నమ్మదగిన మనిషి నాకు తెలియదు."

 "మంచి ఉత్తరం" అన్నాడు. "ఇది పెడితే లైసెన్సు వెంటనే ఇస్తారు."

"ఇస్తారు."

"బస్సు ఉద్యోగం తీసేస్తారు."

"అవును."

"చింపేస్తే?"

"సోమవారం నువ్వు బస్సు తియ్యకముందే నేను బస్సు వాళ్ళకి ఫోను చేస్తా క్లారీ. నీ మీద ఒట్టు."

"తెలుసు" అన్నాడు. "నేనైనా అదే చేస్తా. చేశా కదా." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టీ ముట్టుకోలేదు.

సోమవారం ఎనిమిదింటికి మార్నీ, నేను గేటు దగ్గర నిలబడ్డాం. నా ఫోను చేతిలోనే ఉంది. విటీ పొద్దున్నే చేసి, ఆదివారం నాడు క్లారీ స్టేషనుకి వచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్ళాడని చెప్పాడు. అయినా బస్సు కనిపించేదాకా నా మనసు నిలవలేదు.

బస్సు వచ్చింది. స్టీరింగ్ దగ్గర ఎవరో కొత్త అమ్మాయి, ఒళ్ళంతా బిగబట్టుకుని నడుపుతోంది. తలుపు పక్కన మొదటి సీట్లో క్లారీ కూర్చుని ఉన్నాడు. ఏ గేటు దగ్గర ఏ పిల్ల ఎక్కుతుందో, ఎక్కడ గొర్రెలు అడ్డం వస్తాయో ఆ అమ్మాయికి చెబుతున్నాడు.

"గుడ్ మార్నింగ్ క్లారీ తాతా. నువ్వెందుకు అక్కడ కూర్చున్నావు?" అంది మార్నీ మెట్లెక్కుతూ.

"గుడ్ మార్నింగ్ అమ్మడూ. ఇవాళ్టి నుంచి ఈ అక్కే. నేను దారి చూపించడానికి వచ్చా, ఈ ఒక్కరోజుకి."

నేను తలుపు దగ్గరికి వెళ్ళి, అతని ఎడమపక్కన, అతనికి బాగా కనిపించే చోట నిలబడ్డాను. "క్లారీ" అని పిలిచాను.

అతను రోడ్డు వైపే చూస్తూ, "ఇక పోనివ్వమ్మా, తర్వాతది పెంబర్టన్ వాళ్ళ గేటు" అన్నాడు. తలుపు మూసుకుంది.